నక్షత్రం గుర్తు వెనుక మనిషి – స్టీఫెన్ క్లేనీ

(ఆఖరు సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి)

మన కాలేజీ కంప్యూటరు లాబులో నల్లటి తెర ముందు కూర్చున్న ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. ఎడిటరులో ఏదైనా మాట వెతకాలంటే ముందుగా ఒక ఏటవాలు గీత కొట్టాలి. తెర అడుగున ఆ గీత కనబడుతుంది. దాని పక్కన మాట వేసి ఎంటర్ నొక్కితే కర్సరు వెళ్ళి ఆ మాట మీద వాలుతుంది. మాట పూర్తిగా గుర్తు లేకపోతే చుక్క, నక్షత్రం, టోపీ, డాలరు గుర్తులు ఆదుకుంటాయి. చుక్క అంటే ఏదో ఒక అక్షరం. నక్షత్రం అంటే దాని ముందున్నది ఎన్నిసార్లయినా రావచ్చు, అసలు రాకపోనూవచ్చు. ఈ నక్షత్రానికి పుస్తకాల్లో క్లేనీ నక్షత్రం అని పేరు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా అందరం రాసేస్తాం. ఆ క్లేనీ ఎవరో మాత్రం మనలో చాలామందిమి అడగం.

ఆయన పేరును మనవాళ్ళే కాదు, అమెరికాలోనూ చాలామంది క్లీన్ అనేస్తారు. ఆయన మాత్రం తన పేరును క్లేనీ అనే పలికేవాడు. కనీసం ఈ వ్యాసంలోనైనా ఆయన పలికినట్టే పలుకుదాం.

స్టీఫెన్ కోల్ క్లేనీ 1909 జనవరి 5న అమెరికాలో, కనెక్టికట్ రాష్ట్రపు హార్ట్‌ఫర్డ్ పట్టణంలో పుట్టాడు. తండ్రి అర్థశాస్త్రం ప్రొఫెసరు. తల్లి కవిత్వం రాసేది. మెయిన్ రాష్ట్రంలో వాళ్ళ కుటుంబానికి వ్యవసాయ క్షేత్రం ఒకటి ఉండేది. ఆ నేలంటే క్లేనీకి జీవితాంతం మమకారం. ఇది చదివినప్పుడు నాకు ఎందుకో సంతోషం వేసింది. పొలం గట్టు తెలిసినవాడు తర్కశాస్త్రంలోనూ నిలబడగలడన్నమాట!

1930లో ఆమ్‌హర్స్ట్ కాలేజీలో డిగ్రీ అయ్యాక ఆయన ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి వెళ్ళి అలోంజో చర్చ్ అనే మాస్టారి దగ్గర చేరాడు. చర్చ్ అప్పటికి కొత్తరకం తర్కపద్ధతి ఒకటి తయారుచేస్తున్నాడు. అందులో అంకె అంటే ఒక పనిని ఎన్నిసార్లు చేయాలో చెప్పే ఆజ్ఞ. మూడు అంటే మూడుసార్లు చెయ్యి, అయిదు అంటే అయిదుసార్లు చెయ్యి, అంతే. ఈ లెక్కన కూడిక సులువు, గుణకారమూ సులువే. ఎటొచ్చీ ఒకటి తీసివేయడం దగ్గరే బండి ఆగిపోయింది. ముందుకు నడవడం మాత్రమే తెలిసినవాణ్ణి ఒక్క అడుగు వెనక్కి వెయ్యమంటే ఎలా వేస్తాడు? అది కుదరదేమోనని చర్చ్ దాదాపు తీర్మానించుకున్నాడట.

1932లో క్లేనీ జ్ఞానదంతాలు పీకించుకోవడానికి దంతవైద్యుడి దగ్గరికి వెళ్ళాడు. ఉపాయం అక్కడే తట్టింది. ఒక అంకెను కాక జంటను నడిపించాలి. జంటలో మొదటిది ఎప్పుడూ రెండోదానికి ఒక అడుగు వెనక ఉంటుంది. దుక్కిలో నాగలి పట్టినవాడి వెనకాలే అడుగు దూరంలో విత్తనాలు వేసే మనిషి నడుస్తుంటుంది చూడండి, అలాగ. నాగలి అయిదో అడుగు వేసేసరికి వెనక మనిషి నాలుగో అడుగులో ఉంటుంది. చివర్లో నాగలిని వదిలేసి వెనక మనిషి ఎక్కడుందో చూస్తే సరి, ఒకటి తీసివేసినట్టే! పన్ను నొప్పిలో ఇంత ఆలోచన చేసిన మనిషిని ఏమనాలి?

తరువాతి కథ అంత సరదాగా లేదు. చర్చ్ కట్టిన తర్కపద్ధతి మీదే క్లేనీ పరిశోధన అంతా నిలబడి ఉంది. 1934లో డాక్టరేటు వచ్చింది. ఆ రోజుల్లోనే ఆయనా, తోటి విద్యార్థి రోసరూ కలిసి ఆ పద్ధతిలో పరస్పర విరుద్ధమైన ఫలితాలు పుడతాయని నిరూపించారు. 1935లో దాన్ని అచ్చు వేయించారు. తమ గురువు కట్టిన ఇల్లు, తాము కాపురముంటున్న ఇల్లు, పునాది బాగాలేదని తామే రుజువు చేశారన్నమాట. వయస్సు పాతికేళ్ళు. నోరు మూసుకుని డిగ్రీ పుచ్చుకుని పోయే అవకాశం లేకపోలేదు. వాళ్ళు ఆ పని చేయలేదు. కూలిన ఇంట్లో చెడని దూలాలు ఏవో ఏరి పక్కన పెట్టారు. అలా మిగిలినదే లాంబ్డా గణనం. ఏ పని లెక్కకు లొంగుతుంది, ఏది లొంగదు అన్న శాస్త్రానికి అది ఒక మూలస్తంభమైంది. చర్చ్, ట్యూరింగ్ వేరువేరు దారుల్లో వచ్చి ఒకే చోట కలిశారన్న విషయానికి సిద్ధాంతమని పేరుపెట్టి ప్రచారంలోకి తెచ్చినవాడు కూడా క్లేనీయే.

1935లో ఆయన విస్కాన్సిన్ యూనివర్సిటీలో చేరి మాడిసన్ పట్టణంలో స్థిరపడ్డాడు. మధ్యలో యుద్ధం వచ్చింది. నౌకాదళంలో చేరి కొంతకాలం కుర్ర అధికారులకు ఓడ దారి కనుక్కునే విద్య నేర్పాడు, తరువాత వాషింగ్టన్‌లో నౌకాదళ పరిశోధనశాలలో పనిచేశాడు. 1946లో మళ్ళీ మాడిసన్ చేరాడు. 1952లో అచ్చయిన ఆయన పుస్తకం ఇంట్రడక్షన్ టు మెటామ్యాథమేటిక్స్‌తో ఎన్నో దేశాల విద్యార్థులు తర్కశాస్త్రం నేర్చుకున్నారు.

ఇక నక్షత్రం సంగతికి వద్దాం. 1943లో మెకల్లక్ అనే నాడీశాస్త్రవేత్త, పిట్స్ అనే కుర్రవాడు కలిసి మెదడులోని నాడీకణాలను లెక్కల్లో పెట్టి ఒక వ్యాసం రాశారు. (పిట్స్‌కు అప్పుడు ఇరవై ఏళ్ళు. నాకూ ఇప్పుడు ఇరవయ్యే. ఇక దాని గురించి మాట్లాడను.) 1951 వేసవిలో క్లేనీ కాలిఫోర్నియాలోని ర్యాండ్ సంస్థకు పనిమీద వెళ్ళాడు. అక్కడ ఈ నాడీవలల మీద దృష్టి పెట్టి ఒక ప్రశ్న వేసుకున్నాడు. పరిమితమైన జ్ఞాపకశక్తి ఉన్న యంత్రం ఎలాంటి వరసలను గుర్తుపట్టగలదు? జవాబు చాలా పొదుపుగా వచ్చింది. మూడే మూడు పనులు: ఇదిగాని అదిగాని, ఇది తరువాత అది, ఇదే మళ్ళీ మళ్ళీ. ఈ మూడింటితో కట్టగలిగిన వరసలనే ఆ యంత్రం గుర్తుపడుతుంది. యంత్రం గుర్తుపట్టగలిగిన ప్రతిదాన్నీ ఈ మూడింటితో కట్టవచ్చు. మూడో పనికి ఆయన పెట్టిన గుర్తే నక్షత్రం. ఆయన రాసినప్పుడు అది రెండింటి మధ్య నిలిచే గుర్తు, అంటే మొదటిది ఎన్నిసార్లయినా వచ్చి చివర రెండోది రావాలి. మనం వాడే ఒంటి నక్షత్రం తరువాతి రూపం. ఆ వరసలకు రెగ్యులర్ అని పేరు పెట్టి, ఇంతకంటే మంచి పేరు ఎవరికైనా తోస్తే చెప్పండని కూడా రాశాడు. అయినా ఆ పేరే నిలిచిపోయింది. ఈ పని 1956లో ఒక సంకలనంలో పుస్తకరూపం పొందింది.

ఎడిటరుకు, దీనికి సంబంధం ఎప్పుడు కుదిరిందంటే, 1968లో. బెల్ ప్రయోగశాలలో కెన్ థామ్సన్ అనే ఇంజనీరు క్యూఈడీ అనే ఎడిటరును తిరిగి రాస్తూ క్లేనీ సూత్రాలను వెతుకులాటకు వాడాడు. పద్ధతిని వివరిస్తూ వ్యాసం కూడా ప్రకటించాడు. మరుసటి ఏడు యూనిక్స్ కోసం ఈడీ అనే చిన్న ఎడిటరు రాశాడు. అందులో ఏటవాలు గీతల నడుమ నమూనా పెట్టి, ముందు జి, వెనుక పి పెడితే ఆ నమూనా ఉన్న వరసలన్నీ తెర మీదికి వస్తాయి. గ్రెప్ అన్న పేరు పుట్టింది అక్కడే. 1976లో బర్క్‌లీ విద్యార్థి బిల్ జాయ్ రాసిన వీఐ ఎడిటరు ఆ గీతనే తీసుకుంది. మన లాబులోని విమ్ దానికి వారసురాలు, మొదట విడుదలైంది 1991లో.

మా జట్టు ఈ ఏడు ప్రాజెక్టుగా సి భాషలో చిన్న ఎడిటరు రాసింది. అందులో వెతికే ఆజ్ఞ నా వంతుకు వచ్చింది. ఆ ఆజ్ఞ చూడడానికి సాదాగా ఉంటుంది. కర్సరు పక్క అక్షరం నుంచి మొదలుపెట్టి, వరసవరసా చూసుకుంటూ పోయి, ఫైలు చివరికి చేరితే మళ్ళీ మొదటికి చుట్టి రావాలి. ఎన్ నొక్కితే కిందటి నమూనానే మళ్ళీ వెతకాలి. అసలు పని నమూనాను సరిచూడడంలో ఉంది. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, చీలిక వచ్చినచోట ఒక దారి పట్టి పోవడం, కుదరకపోతే వెనక్కి వచ్చి రెండో దారి పట్టడం. నక్షత్రం లోపల నక్షత్రం ఉంటే ఈ పద్ధతి కొంప ముంచుతుంది. 30 అక్షరాల వరసను ముక్కలుగా విడగొట్టడానికి 53 కోట్ల పైచిలుకు దారులున్నాయి మరి! 2019 జులై 2న క్లౌడ్‌ఫ్లేర్ అనే సంస్థ సేవలు ప్రపంచమంతటా 27 నిమిషాలు స్తంభించడానికి ఇలా వెనక్కి వెనక్కి తిరిగే ఒక నమూనాయే కారణం.

రెండో దారి థామ్సన్ 1968లో చెప్పినది. అది నాకు పుస్తకం కంటే మా చేలోనే బాగా అర్థమైంది. నీళ్ళు పెట్టేటప్పుడు కాలవ చీలినచోట నీరు ఆగి ఆలోచించదు. తెరిచి ఉన్న పిల్లకాలవలన్నింటిలోకీ ఒకేసారి పారుతుంది. అలాగే యంత్రం ఏయే స్థితుల్లో ఉండగలదో అన్నింటినీ ఒక జాబితాగా పట్టుకుని, అక్షరం అక్షరానికీ జాబితా మొత్తాన్ని ముందుకు జరపాలి. జాబితా నమూనా పొడుగును బట్టే ఉంటుంది, దారుల లెక్కను బట్టి కాదు. వెనక్కి నడిచే పనే లేదు. మేం ఈ దారే పట్టాం. చిత్రమేమిటంటే, థామ్సన్ తన ఈడీలో దీన్ని వదిలేసి, వెనక్కి తిరిగే పద్ధతినే కుదించి వాడుకున్నాడు. అందులో ఇదిగాని అదిగాని అనే పని లేనే లేదు. క్లేనీ చెప్పిన మూడింటిలో ఒకటి తగ్గిందన్నమాట.

తెలుగు దగ్గర వేరే చిక్కు. తెలుగు అనే మాటలో మన కంటికి మూడక్షరాలు. యూనికోడ్ లెక్కలో గుణింతాలు విడిగా లెక్కకొస్తాయి గనుక ఆరు సంకేతాలు. ఫైల్లో ఒక్కొక్కటి మూడు బైట్లు, మొత్తం పద్దెనిమిది. అప్పుడు చుక్క అంటే ఏది? బైటా, సంకేతమా, అక్షరమా? చాలా ఎడిటర్లలో రామ అని వెతికితే రాముడు కూడా దొరుకుతాడు, ఎందుకంటే ము అనే అక్షరంలో మ సంకేతం విడిగా ఉంది. మా ఎడిటరులో చుక్కను పూర్తి అక్షరానికి కట్టాం. క్లేనీ సిద్ధాంతానికి ఇదేమీ అడ్డు కాదు. అక్షరాలు ఏవో ముందు మీరే తేల్చుకోండి, తరువాత నేను చూసుకుంటానంటుంది అది.

ఇది ఆటకోసం చేసిన పని కాదని చెప్పడానికి ఒక్క ముచ్చట. నిరుడు తుఫానుకు మా వైపు పైరు పడిపోయింది. నష్టపరిహారం జాబితా వచ్చింది, అందులో మా నాన్న పేరు లేదన్నారు. మా నాన్న వెంకటేశ్వర్లు. జాబితా ఫైలు నా చేతికి వచ్చాక వెంకటే అని రాసి, చుక్క, నక్షత్రం పెట్టి, లు అని ముగించి వెతికాను. వెంకటేశ్వరులు, వెంకటేశులు అని రెండు దొరికాయి. రెండోదాని పక్కన మా సర్వే నంబరు ఉంది. నంబరుతో వెతుకుదామంటే అందులో ఏటవాలు గీత ఉంది, ఎడిటరు దాన్ని నమూనాకు ముగింపు అనుకుంటుంది. ముందు వెనకగీత పెడితేనే దారికొస్తుంది. పేరు సవరించమని కాగితం పెట్టుకున్నాం. డబ్బు ఇంకా పడలేదు.

డిగ్రీ అవగానే ఉద్యోగం చూసుకోమని ఇంట్లో అంటున్నారు. వాళ్ళ మాటలో న్యాయం ఉంది. నాకేమో ఎమ్మెస్సీ గణితం చదవాలని ఉంది. ఉత్త సిద్ధాంతం అన్నం పెడుతుందా అని స్నేహితులు ఎగతాళి చేస్తారు. క్లేనీ 1951లో రాసినది ఎడిటరులోకి రావడానికి పదిహేడేళ్ళు పట్టింది. ఆ పదిహేడేళ్ళూ అది ఎవరికీ అన్నం పెట్టలేదన్నది నిజమే. ఆయన కూడా దాన్ని పట్టుకుని కూర్చోలేదు, తన తర్కశాస్త్రానికి తిరిగి వెళ్ళిపోయాడు. ఇందులో నాకు ధైర్యమిచ్చేది ఎంత ఉందో, భయపెట్టేదీ అంతే ఉంది.

1969 నుంచి 1974 దాకా ఆయన విస్కాన్సిన్‌లో కళలు, విజ్ఞానశాస్త్రాల కాలేజీకి డీన్. వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా అమెరికా విద్యార్థిలోకం అట్టుడుకుతున్న కాలమది. 1970 ఆగస్టు 24న మాడిసన్‌లోనే సైన్యపు గణిత పరిశోధనా కేంద్రం ఉన్న భవనాన్ని బాంబుతో పేల్చారు. ఆ కేంద్రానికి అధిపతి పాత స్నేహితుడు రోసరే. పోయిన ప్రాణం మాత్రం ఆ కేంద్రంతో సంబంధం లేని ఒక యువ భౌతికశాస్త్రవేత్తది. ఆ ఏడే క్లేనీ భార్య నాన్సీ కూడా కన్నుమూసింది. అలాంటి ఏళ్ళలో డీన్ కుర్చీలో కూర్చోవడం ఎంత కష్టమో యూనియన్ వ్యవహారాలు తెలిసిన మనం ఊహించుకోగలం.

1979లో పదవీ విరమణ చేశాడు. కొండలెక్కడం ఆయనకు ఇష్టం, ప్రకృతి సంరక్షణ కోసం పనిచేయడం ఇంకా ఇష్టం. 1990లో అమెరికా ప్రభుత్వం నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్ ఇచ్చింది. 1994 జనవరి 25న, నేను పుట్టడానికి చాలా ఏళ్ళ ముందు, మాడిసన్‌లో చనిపోయాడు. 1999లో అక్కడి గణిత గ్రంథాలయానికి ఆయన పేరు పెట్టారు.