యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగస్టు 1948) ప్రపంచ ప్రసిద్ధి చెందిన తెలుగు వైద్య శాస్త్రవేత్త. జీవకణాలకు శక్తినిచ్చే ఏటీపీని కనుగొనడంలోను, ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయడంలోను, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్, బోదకాలు మందు హెట్రజాన్‌ల రూపకల్పనలోను ఈయన పాత్ర ముఖ్యమైనది. ఈ మందుల వలన కోట్లాదిమంది మేలు పొందినా, వాటి వెనుక నిలిచిన ఈయన పేరు చాలాకాలం మరుగున పడి ఉంది.

బాల్యము, విద్యాభ్యాసము

సుబ్బారావు భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు కలిగిన ఏడుగురు సంతానంలో నాలుగవవాడు. తండ్రి అనారోగ్యం వలన ఉద్యోగ విరమణ ముందుగానే చేయడంతో కుటుంబం ఆర్థికంగా ఇబ్బందులు పడింది. రాజమండ్రిలో చదువు సక్రమంగా సాగలేదు. చివరకు మద్రాసులోని హిందూ ఉన్నత పాఠశాల నుండి మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కాడు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించి మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు.

గాంధీజీ పిలుపునందుకొని శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు దుస్తులతో హాజరు కావడం ఆంగ్లేయ ఆచార్యునికి ఆగ్రహం కలిగించింది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు, అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే సంగ్రహణి వ్యాధితో చిన్న వయసులోనే మరణించారు. అదే వ్యాధి సోకిన సుబ్బారావు డా. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకొని, ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్ర ఉపన్యాసకుడుగా పనిచేశాడు.

అమెరికాలో పరిశోధనలు

మామగారి ఆర్థిక సహాయంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ అండతోను 1920వ దశకం తొలినాళ్ళలో అమెరికా వెళ్ళాడు. భార్య శేషగిరి స్వదేశంలోనే ఉండిపోయింది. వారికి కలిగిన కుమారుడు పసితనంలోనే మరణించాడు. ఈయన మరల స్వదేశానికి రాలేదు.

హార్వర్డులో ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేసుకుంటూ చదివాడు. సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలోను, మూత్రంలోను భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా ఇది ప్రయోగశాలలలో స్థిరపడింది. కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్ గురించి 1927లోను, ఏటీపీ గురించి 1929లోను వీరి పత్రాలు వెలువడ్డాయి. 1930లో పీహెచ్.డీ. లభించింది. అయినా హార్వర్డులో స్థిరమైన ఆచార్య పదవి దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరి, అక్కడ పరిశోధనా విభాగానికి అధిపతి అయ్యాడు.

క్యాన్సర్ మందులు

ఫోలిక్ ఆమ్లం తయారీని ప్రకటించిన 1945 నాటి పత్రంలో 16 మంది పేర్లు ఉన్నాయి; సుబ్బారావు పేరు వారిలో ఒకటి. సోదరులను బలిగొన్న సంగ్రహణి వ్యాధికి ఈ విటమినే మందుగా తేలింది.

బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ ఆమ్ల సంబంధ పదార్థాలను రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చినపుడు వ్యాధి తగ్గకపోగా ముదిరినట్లు కనిపించింది. ఫోలిక్ ఆమ్లం కణ విభజనకు అవసరమైనపుడు, దానిని అడ్డుకునే పదార్థం క్యాన్సర్ కణాలను ఆపగలదన్న ఆలోచన ఇక్కడ బలపడింది. లెడర్లీ బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండే అమినోప్టెరిన్‌ను తయారుచేసింది. కణం దీనిని ఫోలిక్ ఆమ్లమనుకొని గ్రహిస్తుంది, దానితో డి.ఎన్.ఏ. తయారీ స్తంభిస్తుంది. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల ప్రకారం 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికంగా ఉపశమనం కలిగింది. పిల్లలలో వచ్చే తీవ్ర రక్త క్యాన్సర్‌ను మందుతో అదుపు చేయవచ్చునని అంతకుముందు ఎవరూ నిరూపించలేదు. అమినోప్టెరిన్ తయారీని తెలిపిన రసాయన పత్రంలో గాని, ఫార్బర్ పత్రపు రచయితలలో గాని సుబ్బారావు పేరు లేదు.

అమినోప్టెరిన్ కంటె సురక్షితమైన మెథోట్రెక్సేట్ తరువాత వాడుకలోకి వచ్చింది. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్‌లు దీనితో కోరియోకార్సినోమా అనే గర్భాశయ సంబంధ క్యాన్సర్‌ను నయం చేశారు.

మూలకణ మార్పిడిలో మెథోట్రెక్సేట్

సుబ్బారావు మరణానంతరం ఇదే మందు ఊహించని రంగంలో అక్కరకు వచ్చింది. ఎముక మూలుగలోని రక్త మూలకణాలను దాత నుండి రోగికి ఎక్కించే చికిత్సలో, దాత కణాలు రోగి శరీరాన్నే పరాయిదిగా భావించి దాడి చేసే ప్రమాదం ఉన్నది. మార్పిడి జరిగిన తొలి రోజులలో తక్కువ మోతాదులో ఇచ్చే మెథోట్రెక్సేట్, వేగంగా విభజన చెందే ఆ కణాలను అణచివేస్తుంది. సియాటిల్‌లో ఈ చికిత్సను తీర్చిదిద్దిన డోనల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి లభించింది. సైక్లోస్పోరిన్ ఒక్కటే ఇవ్వడం కంటె దానికి మెథోట్రెక్సేట్ జతచేయడం మేలని థామస్ సహచరుడు రైనర్ స్టార్బ్ బృందం 1986లో నిరూపించింది. ఇటీవల సైక్లోఫాస్ఫమైడ్ పద్ధతి పలుచోట్ల దీని స్థానంలోకి వస్తున్నప్పటికీ మెథోట్రెక్సేట్ వాడుక ఆగిపోలేదు.

హెట్రజాన్, ఉత్తరాంధ్ర

సుబ్బారావు నాయకత్వంలోనే తొలి టెట్రాసైక్లిన్ ఔషధమైన ఆరియోమైసిన్, బోదకాలు క్రిములను నిర్మూలించే హెట్రజాన్ వెలువడ్డాయి. హెట్రజాన్ అసలు పేరు డైఈథైల్‌కార్బమజైన్ (డీఈసీ). శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు బోదకాలు వ్యాధి చిరకాలంగా పీడించిన ప్రాంతాలు. ఈ వ్యాధి నిర్మూలనకు 2004లో మొదలైన జాతీయ కార్యక్రమంలో ప్రజలందరికీ పంచిన మాత్ర ఇదే.

మరణము, గుర్తింపు

సుబ్బారావు 1948 ఆగస్టులో, తన 53వ యేట పెర్ల్ రివర్‌లో నిద్రలోనే కన్నుమూశాడు. అప్పటికి ఫార్బర్ పత్రం వెలువడి రెండు నెలలే అయింది. ఈయన అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. 1953లో ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బారోమైసిస్ అని ఈయన పేరు పెట్టారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ స్మారక బిళ్ళను విడుదల చేసింది. ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, డీఈసీ మూడూ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి.