సరోజినమ్మ రాసిన భాష

సరోజినీ నాయుడు అంటే మనకు పరీక్షలో ఒక్క మార్కు బిట్టు. భారత కోకిల అని రాస్తే అయిపోతుంది. నాకూ అంతకు మించి తెలియదు. ఈమధ్య చదివినాక మీ అందరికీ చెప్పాలనిపించింది.

ఈమె 1879 ఫిబ్రవరి 13న హైదరాబాదులో పుట్టారు. తల్లిదండ్రులు బెంగాలీలు. తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయ గారు నిజాం కాలేజీ ప్రిన్సిపాలు. తల్లి వరదసుందరీ దేవి గారు బెంగాలీలో కవితలు రాసేవారు, బిడ్డతో మాత్రం హిందుస్తానీ మాట్లాడేవారు. బిడ్డ ఇంగ్లీషు మాట్లాడాలని తండ్రి పట్టు. ఈమె మాట్లాడనంటే మాట్లాడనన్నది. తొమ్మిదేండ్లప్పుడు ఆయన ఈమెను ఒక గదిలో ఒంటరిగా పెట్టి తలుపేసిండు. ఆయన వేసిన శిక్ష అదొక్కటేనట. బయటికి వచ్చినాక తండ్రితో ఎప్పుడు మాట్లాడినా ఇంగ్లీషే. ఈ సంగతి ఆమే తర్వాత ఒక ఉత్తరంలో రాసుకున్నారు.

అది చదివి కొంచెంసేపు ఊరికే కూర్చున్నాను. నేను మూడో తరగతిలో హాస్టల్‌కు వచ్చినప్పుడు గోర్‌బోలి తప్ప ఏదీ రాదు. నీళ్లు కావాలని తెలుగులో అడగరాక ఒక పూటంతా దూపతో ఉన్నాను. ఇప్పుడు సెలవులకు తండాకు పోతే యాడితో మాట్లాడేటప్పుడు మధ్య మధ్య తెలుగే వస్తున్నది. యాడి నవ్వుతుంది. నాకు నవ్వు రాదు.

పదకొండో ఏట ఆల్జీబ్రా లెక్క ఎంతకూ రాకపోతే, లెక్కకు బదులు ఈమెకు కవిత వచ్చిందట. (తొమ్మిదో తరగతి వాళ్లు ఇది లెక్కల సార్‌కు చూపించొద్దు.) పన్నెండేండ్లకే మద్రాసు యూనివర్సిటీ మెట్రిక్యులేషన్ పాసయ్యారు. జబ్బు చేసింది, పుస్తకం ముట్టొద్దు అని డాక్టరంటే, ఆయన మీది కోపంతో 2000 లైన్ల నాటకం రాసి పడేసిన మనిషి!

1895లో నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండు పోయారు. తన కవితలు ఎడ్మండ్ గాస్ అనే విమర్శకునికి చూపించారు. వాటి నిండా ఇంగ్లండు పిట్టలే. ఇవి కాదు, మీ దేశపు కొండలు, పూలు, మనుషుల గురించి రాయమని ఆయన చెప్పిండు. భాష ఇంగ్లీషే ఉన్నది గాని, అందులోకి హైదరాబాదు బజారు, గాజులమ్మేవాళ్లు, పల్లకీ మోసే బోయీలు వచ్చారు. నేతగాళ్ల మీద కూడా ఒక కవిత ఉన్నది. పసిబిడ్డకు, పెండ్లికి, చావుకు బట్ట నేసే వాళ్ల గురించి. ఇంగ్లీషు సార్ దాని అర్థం చెప్తుంటే నాకు సిరిసిల్ల సాంచాల చప్పుడు వినిపించింది. ఆమె కాలంలో అవి చేతిమగ్గాలే అనుకోండి.

1898లో మన తెలుగాయన డాక్టర్ గోవిందరాజులు నాయుడు గారిని పెండ్లి చేసుకున్నారు. కులాంతర వివాహం. మద్రాసులో వీరేశలింగం పంతులు గారు జరిపించారు. 1905లో మొదటి పుస్తకం గోల్డెన్ థ్రెషోల్డ్ లండన్‌లో అచ్చయింది. హైదరాబాదులో ఆమె ఇంటి పేరూ అదే.

తర్వాత సభలు, జైళ్లు. 1925లో కాన్పూరు కాంగ్రెసుకు అధ్యక్షురాలు. 1930లో ధరాసన ఉప్పు సత్యాగ్రహం. 1947లో యునైటెడ్ ప్రావిన్సెస్ గవర్నరు. ఆ పదవిలో ఉండగానే 1949 మార్చి 2న లక్నోలో చనిపోయారు. కాని 1917లో వచ్చిన మూడో పుస్తకం తర్వాత, బతికి ఉండగా కొత్త కవితల పుస్తకం మళ్లీ రాలేదు. నాకైతే అది బాధ అనిపించింది. మిగిలినవి 1961లో కూతురు పద్మజ గారు అచ్చు వేయించారు.

ఈ గోడపత్రికలో ఇంతకుముందు నేను రాసిన కవితలో మంచు కురుస్తుంది. జగిత్యాలలో, కోరుట్లలో మంచు ఎవరు చూసిండ్రు? వచ్చే సంచికకు మా యాడి పాడే తీజ్ పాట గురించి రాస్తాను. తెలుగులోనే రాస్తాను. పాటలో మాటలు మాత్రం గోర్‌బోలివే ఉంచుతాను, వార్డెన్ సార్ ఒప్పుకుంటే.