యోహాన్ ఫ్రీడ్రిక్ డీఫెన్‌బాక్

యోహాన్ ఫ్రీడ్రిక్ డీఫెన్‌బాక్ (ఫిబ్రవరి 1, 1792 - నవంబర్ 11, 1847) జర్మనీకి చెందిన సుప్రసిద్ధ శస్త్రవైద్యుడు. మెల్లకన్నును శస్త్రచికిత్సతో సరిచేయవచ్చునని నిరూపించిన తొలివారిలో ముఖ్యుడు. కన్ను బయటివైపునకు తిరిగే మెల్లకు చేసే చికిత్స చరిత్ర ఈయన విజయంతోను, అందులోని లోపంతోను ముడిపడి ఉన్నది.

బాల్యం, విద్య

ఈయన ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో (నేటి రష్యాలోని కలినిన్‌గ్రాడ్) జన్మించాడు. మొదట క్రైస్తవ వేదాంతశాస్త్రం అభ్యసించాడు. నెపోలియన్‌పై జరిగిన యుద్ధంలో స్వచ్ఛందంగా పాల్గొన్నాడు. తరువాత వైద్యవిద్య వైపు మళ్ళి, 1822లో వుర్జ్‌బర్గ్‌లో పట్టం పొందాడు. బెర్లిన్‌లోని షారిటే వైద్యశాలలో శస్త్రవైద్యుడై, ముక్కు మొదలైన అవయవాల పునర్నిర్మాణంలో పేరు గడించాడు. 1840లో బెర్లిన్ విశ్వవిద్యాలయ శస్త్రచికిత్సాలయానికి అధిపతి అయ్యాడు.

మెల్లకన్ను శస్త్రచికిత్స

ప్రతి కనుగ్రుడ్డును ఆరు కండరాలు కదుపుతాయి. బిగుసుకున్న కండరాన్ని కోస్తే మెల్ల సరియగునని స్ట్రోమేయర్ అనే వైద్యుడు మృతదేహాలపై పరిశీలించి 1838లో సూచించాడు. దానిని సజీవుడైన రోగిపై ఆచరణలో పెట్టినవాడు డీఫెన్‌బాక్. 1839 అక్టోబరు 26న, కన్ను లోపలికి తిరిగిన ఏడేళ్ళ బాలునికి ముక్కువైపు కండరాన్ని కోసి, కంటిని సరిచేశాడు. అప్పటికి మత్తుమందు వాడుకలోకి రాలేదు. ఈ వార్త యూరప్ అంతటా వ్యాపించి, అనేకులు ఈ పద్ధతిని అనుసరించారు.

బయటి మెల్ల సమస్య

కండరాన్ని పూర్తిగా తెంచివేయడం వలన అది వెనుకకు జారిపోయేది. ఎదురులేని బయటి కండరం కంటిని చెవివైపునకు లాగేది. ఇట్లు, లోపలి మెల్ల పోయిన పలువురికి కొంతకాలానికి బయటి మెల్ల వచ్చింది. ఈ దుష్ఫలితమే తదుపరి పరిశోధనలకు దారితీసింది. తెగిన కండరాన్ని ముందుకు తెచ్చి కుట్టే విధానాన్ని ఫ్రాన్సులో గెరాన్ ప్రవేశపెట్టాడు. కోతను పరిమితం చేయుటకు బెర్లిన్ నేత్రవైద్యుడు ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్రేఫె కృషిచేశాడు. నేడు బయటి మెల్లకు సాధారణంగా బయటి కండరాన్ని విడదీసి, కొలత ప్రకారం కనుగ్రుడ్డుపై వెనుకకు జరిపి కుడతారు. అవసరమైతే లోపలి కండరాన్ని కురచచేసి బిగిస్తారు. కండరాన్ని తెంచి వదలరు.

చివరి దశ

1842లో ఈయన మెల్లకన్ను చికిత్సపై గ్రంథం ప్రచురించాడు. నత్తికి నాలుకపై చేసిన శస్త్రచికిత్సలు మాత్రం విఫలమయ్యాయి. ఈథర్ మత్తును స్వాగతిస్తూ 1847లో మరొక గ్రంథం వెలువరించాడు. అదే సంవత్సరం బెర్లిన్‌లోని తన వైద్యశాలలోనే హఠాత్తుగా మరణించాడు.