కుర్తుబా ఖాజీ ఇబ్నె రుష్ద్

హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో దాయిరతుల్ మారిఫ్ అనే సంస్థ ఉన్నది. 1888లో స్థాపించబడిన ఆ సంస్థ పాత అరబ్బీ వ్రాతప్రతులను వెదకి అచ్చు వేయించడంలో ప్రపంచ ఖ్యాతి గడించింది. 1947లో అక్కడ ఇబ్నె రుష్ద్ గారి ఆరు చిన్న గ్రంథాలు ఒకే సంపుటంగా వెలువడినవి. ఎక్కడి స్పెయిన్, ఎక్కడి దక్కన్! ఆ మహనీయుని జీవితాన్ని ఈ సంచిక ద్వారా మా పాఠక సోదర సోదరీమణులకు క్లుప్తంగా పరిచయం చేయదలచాము.

ఇబ్నె రుష్ద్ 1126లో స్పెయిన్‌లోని కార్డోవా నగరంలో జన్మించారు. ఉర్దూ పుస్తకాలలో దానినే కుర్తుబా అంటారు. తాతగారూ, తండ్రిగారూ ఇద్దరూ ఆ నగర ఖాజీలే. ముస్లింలు, యూదులు, క్రైస్తవులు ఇరుగుపొరుగుగా బతికిన దేశమది. అయితే ఆ కాపురం ఎల్లకాలం సాఫీగా సాగిందనుకుంటే పొరపాటే. ఆరగాన్ రాజు అల్ఫాన్సో దండెత్తి వచ్చినపుడు కొందరు క్రైస్తవులు అతనికి తోడ్పడ్డారు. వారిని ఉత్తర ఆఫ్రికాకు పంపివేయాలని తాతగారే తీర్పు చెప్పారు. మనుమడు పుట్టిన ఆ 1126లోనే ఎందరో ఇల్లూ వాకిలీ వదలి సముద్రం దాటవలసి వచ్చింది.

1148లో మువహ్హిదూన్ పాలకులు కుర్తుబాను పట్టుకున్నారు. వారి ఏలుబడిలో యూదులు, క్రైస్తవులు మతం మారడమో, దేశం విడవడమో చేయవలసి వచ్చింది. అదే ఊళ్ళో పుట్టిన యూదు బాలుడు మూసా ఇబ్నె మైమూన్ కుటుంబంతో వెళ్ళిపోయి, చివరకు ఈజిప్టు చేరి, గొప్ప హకీముగా పేరు తెచ్చుకున్నాడు. మంచినీ చెడునూ రెండింటినీ చెప్పుకుంటేనే అది చరిత్ర అవుతుందని మేము భావిస్తాము.

ఇబ్నె రుష్ద్ ఫిఖా, వైద్యం, తత్వశాస్త్రం మూడింటిలోనూ ఆరితేరారు. పెద్ద హకీము ఇబ్నె తుఫైల్ ఆయనను ఖలీఫా అబూ యాఖూబ్ యూసుఫ్ దర్బారుకు తీసుకుపోయారు. ఆకాశం అనాదిగా ఉన్నదా, సృష్టించబడిందా అని ఖలీఫా అడిగేసరికి ఈయనకు గుండె ఝల్లుమన్నది. తత్వశాస్త్రం చదివానని ఒప్పుకుంటే ఏమవుతుందోనని జంకారు. కానీ ఖలీఫాయే చనువుగా చర్చ మొదలుపెట్టడంతో భయం తీరింది. గ్రీకు పండితుడు అరస్తూ గ్రంథాలు కొరుకుడు పడడం లేదని ఖలీఫా అనుకోవడం వల్లనే వాటికి వ్యాఖ్యానాలు వ్రాసే పనికి పూనుకున్నారు. 1169లో సెవిల్లాకు, 1171లో కుర్తుబాకు ఖాజీ అయ్యారు. 1182లో ఖలీఫాకు హకీము అయ్యారు. పగలు కచేరీ, రాత్రి కలం!

పరాయి మతస్థుల పుస్తకాలు మనకెందుకు అనేవారికి ఆయన చెప్పిన జవాబు చూడండి. జంతువును జబహ్ చేసేటపుడు కత్తి షరతులకు తగినట్లున్నదా లేదా అనే చూస్తాము గాని, అది ఏ మతంవాడిదని అడగము గదా! జ్ఞానం కూడా అటువంటిదే అని ఆయన వాదించారు. నిజం నిజానికి ఎదురు నిలవదని, కనుక బుద్ధికీ దీనుకూ తగవు లేదని ఆయన విశ్వాసం.

1195లో గాలి ఎదురు తిరిగింది. కాస్టీల్ రాజుతో యుద్ధం సాగుతున్న రోజులవి. తత్వశాస్త్రం గిట్టని పండితుల అండ అప్పటి ఖలీఫా మన్సూర్‌కు అవసరమైందని చరిత్రకారులు అంటారు. డెబ్భయ్యో పడికి చేరువైన ఖాజీగారిపై విచారణ జరిగింది. పుస్తకాలు తగులబెట్టారు. ఒకప్పుడు యూదుల విద్యాకేంద్రంగా పేరు పొందిన లుసేనా అనే ఊరికి ఆయనను వెళ్ళగొట్టారు. తాతగారి తీర్పు వల్ల పరాయివారు అనుభవించిన బాధ, మనుమడికి అయినవారి చేతనే ప్రాప్తించింది. కొంతకాలానికి మళ్ళీ ఆదరణ లభించినా, 1198 డిసెంబరులో మరాకష్‌లో కన్ను మూశారు. తరువాత జనాజాను కుర్తుబాకు తరలించారు. పశువుకు ఒక వైపు పార్థివ దేహం, బరువు సరిపోవడానికి రెండో వైపు ఆయన వ్రాసిన పుస్తకాలు! ఆ దృశ్యాన్ని సూఫీ మహాత్ముడు ఇబ్నె అరబీ కళ్ళారా చూశారు.

మరి ఆ పుస్తకాలు ఏమైనవి? ఫిఖా గ్రంథం బిదాయతుల్ ముజ్తహిద్ అరబ్బీలో నిలిచి నేటికీ మదర్సాలలో చదవబడుతున్నది. వ్యాఖ్యానాలలో కొన్నింటికి అరబ్బీ మూలాలే దొరకవు. వాటిని కాపాడినది యూదులు, క్రైస్తవులు. యాకోబ్ అనాతోలి హీబ్రూలోకి, మైకేల్ స్కాట్ లాటిన్‌లోకి అనువదించారు. అఫ్లాతూన్ గ్రంథంపై ఆయన వ్యాఖ్యానం హీబ్రూ ప్రతి వల్లనే మనకు మిగిలింది. వైద్యగ్రంథం కుల్లియాత్‌ను 1255లో ఇటలీలోని పాదువాలో బోనకోసా అనే యూదుడు లాటిన్ చేశాడు. అక్కడ కూడా వ్యతిరేకత లేకపోలేదు. 1270లోనూ 1277లోనూ పారిస్ బిషప్ ఈ భావాలను ఖండించాడు. అయినా చదివేవారు చదివారు. కత్తి ఎవరిదని వారు అడగలేదు!

ఊరు వెళ్ళగొట్టిన మనిషిని, కాల్చబడిన పుస్తకాన్ని పొరుగువాడు దాచిపెట్టాడు. ఇందులో మనకు గర్వించదగినదీ ఉన్నది, సిగ్గుపడదగినదీ ఉన్నది. తోటివాడు వేరే మాట అన్నాడని వెలివేయడం తేలిక. ఆ నష్టం పూడ్చుకోవడం తరతరాల పని. మన హుజూర్‌నగర్ నుంచి ఉస్మానియాకు చదువుకోబోయే బిడ్డలారా! ఒక్క పూట తీరిక చేసుకొని దాయిరతుల్ మారిఫ్ గడప తొక్కి రండి. పోయిందనుకున్న సొత్తు ఎలా తిరిగి ఇల్లు చేరుతుందో అక్కడ తెలుస్తుంది.