అంటువ్యాధి వేళ అందరికీ అండ: మీర్ ఉస్మాన్ అలీఖాన్ జీవితం నుంచి ఒక పాఠం

అంటువ్యాధి ప్రబలినప్పుడు ఏం చేయాలో దైవప్రవక్త ముహమ్మద్ (స) పద్నాలుగు శతాబ్దాల క్రితమే నేర్పారు. ప్లేగు సోకిన ఊరికి బయటివారు వెళ్లకూడదు. ఆ ఊరిలో ఉన్నవారు భయంతో పారిపోకూడదు. హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు బయలుదేరి, అక్కడ ప్లేగు ఉందని తెలిసి, సహచరులతో సంప్రదించి సర్గ్ అనే చోటి నుంచి వెనుదిరిగారు. జాగ్రత్త పడటం విధిరాతను కాదనడం కాదని ఆ ఘటన మనకు చెబుతుంది.

అయితే ఈ బోధనలో మరో బాధ్యత కూడా ఇమిడి ఉంది. కదలకుండా ఉండమని చెప్పడం తేలిక. కానీ ఏ రోజు కూలితో ఆ రోజు గడిపేవాడు కదలకుండా కూర్చుంటే అతని ఇంట పొయ్యి వెలిగేదెలా? వ్యాధిని ఆపాలనుకునే సమాజం అతని భారాన్ని కూడా మోయాలి. ఈ విషయాన్ని హైదరాబాద్ ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ జీవితంలో పరిశీలిద్దాం.

ఆయన 1886 ఏప్రిల్ 6న పురానీ హవేలీలో జన్మించారు. ఇరవై రెండేళ్ల వయసులో, 1908 సెప్టెంబరు 28న, మూసీ నది నగరాన్ని ముంచెత్తడం చూశారు. వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. నది ఉత్తరపు ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజ్, బేగంబజార్ ప్రాంతాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. అఫ్జల్‌గంజ్‌లోని దవాఖానా కూడా వరదకు బలైంది. తండ్రి మహబూబ్ అలీఖాన్ మరణంతో 1911లో ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కారు. ఆ రోజుల్లోనే నగరాన్ని ప్లేగు పట్టి పీడించింది.

ప్లేగు ఎలుకల మీది గోమార్ల ద్వారా మనుషులకు సోకుతుంది. ధాన్యం ఉన్నచోట ఎలుకలుంటాయి. బేగంబజార్ వంటి టోకు బజారులో గోదాములూ కాపురాలూ పక్కపక్కనే. గాలీ వెలుతురూ లేని ఇరుకు సందుల్లో బతికే పేదవాడు రోగానికి మొదట చిక్కుతాడు. ఇతర చోట్ల కొందరు పాలకులు ఇదే వ్యాధిని బలప్రయోగంతో అణచాలని చూశారు. 1897లో పుణేలో ఆంగ్ల ప్రభుత్వం సైనికులను ఇళ్లలోకి పంపి సోదాలు చేయించింది. స్త్రీల గౌరవానికి భంగం కలిగిందని జనం రగిలిపోయారు. చివరకు ప్లేగు అధికారి రాండ్ హత్యకు గురయ్యాడు. ప్రజల నమ్మకం పోగొట్టుకున్న చోట వైద్యం సాగదు.

నీరు, ఇల్లు, దవాఖానా

ఉస్మాన్ అలీఖాన్ పాలనలో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఇరుకు బస్తీలను తొలగించి రోడ్లు వెడల్పు చేయడం, గాలి వెలుతురు వచ్చే ఇళ్లు కట్టి సామాన్యులకు అద్దెకివ్వడం దాని పని. మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపేందుకు కట్టిన ఆనకట్టలే నగరానికి మంచినీరూ ఇచ్చాయి. కలరాను దూరంగా ఉంచేది శుభ్రమైన నీరే. ఇది ఏ ఒక్కరి ఇంటికో పరిమితమైతే ప్రయోజనం లేదు, ఎందుకంటే పొరుగువాడి బావి కలుషితమైతే మన ఇల్లూ భద్రంగా ఉండదు.

అంటురోగుల కోసం విడిగా దవాఖానా వెలిసింది. క్వారంటైన్ అనే మాట జనం నోట కోరంటిగా మారి, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని నేటికీ కోరంటి దవాఖానా అనే పిలుస్తారు. మూసీ ఒడ్డున, బేగంబజార్‌కు కూతవేటు దూరంలో, 1925 నాటికి ఉస్మానియా ఆసుపత్రి భవనం సిద్ధమైంది. ఇక్కడి హమాలీకి జ్వరం వస్తే నడిచి వెళ్లగల దూరంలో పెద్దాసుపత్రి ఉండటం చిన్న విషయం కాదు.

1917లో ఏర్పడిన దారుత్తర్జుమా ఆధునిక శాస్త్రాలను ఉర్దూలోకి అనువదించింది. వైద్యాన్ని కూడా ఉర్దూలో బోధించారు. మా వంటి ఉర్దూ చదువరులకు ఇది గర్వకారణమే. కానీ న్యాయంగా మరో మాట చెప్పాలి. ఆ రాజ్యంలో ఎక్కువమంది ప్రజల భాష తెలుగు. వారికి వారి భాషలో అంత జ్ఞానం అందలేదు. దవాఖానాలూ నగరంలో పెరిగినంతగా పల్లెల్లో పెరగలేదు. బస్తీ తొలగించినప్పుడు ఇల్లు కోల్పోయిన పేదల కష్టమూ మరువరానిది. పాలకుని మేలును గుర్తించడం కృతజ్ఞత. లోటును దాచడం మాత్రం న్యాయం కాదు. సాక్ష్యం మనకే వ్యతిరేకమైనా న్యాయం మీద నిలబడమని ఖుర్ఆన్ ఆదేశం.

1948 సెప్టెంబరులో ఆయన పాలన ముగిసింది. 1950 నుంచి 1956 వరకు రాజప్రముఖ్‌గా ఉన్నారు. 1967 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. కింగ్ కోఠీ ఎదుట మస్జిదె జూదీలో ఆయన సమాధి ఉంది. లోకంలోని అత్యంత సంపన్నుల్లో ఒకరిగా పేరుపడిన మనిషి తనతో ఏమీ తీసుకుపోలేదు. రోగికి నీడనిచ్చిన గోడలే మిగిలాయి.

మన వంతు

ఆ గోడలకూ వయసు మీద పడింది. 2020 జూలైలో ఉస్మానియా పాత భవనంలోకి మురుగునీరు చేరడంతో రోగులను తరలించవలసి వచ్చింది. 2025 జనవరి 31న బేగంబజార్ పొరుగునే ఉన్న గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. మేలును నిలబెట్టడం కూడా ఒక అమానతు.

2021 ఏప్రిల్‌లో కరోనా రెండో విడత వచ్చినప్పుడు బేగంబజార్ వ్యాపారులు తమంతట తాముగా దుకాణాల వేళలు కుదించుకున్నారు. ఇది మెచ్చదగిన పని. అయితే యజమాని తలుపు ముందే మూసుకుంటే హమాలీ కూలి కూడా తగ్గుతుంది. బండి లాగేవాడు, మూట మోసేవాడు జ్వరాన్ని దాచిపెట్టి పనికి వచ్చాడంటే అది అతని మొండితనం కాదు, ఆకలి. అతని ఆకలి తీరిస్తేనే బజారు మొత్తానికి రక్ష.

కాబట్టి మస్జిద్ కమిటీలు ఆపద రాకముందే తమ వీధిలోని దినకూలీల, ఒంటరి వృద్ధుల, వితంతువుల జాబితా సిద్ధం చేసుకోవాలి. జకాత్‌ను దాని హక్కుదారులైన ముస్లిం పేదలకు చేర్చాలి. సదఖాతో మతభేదం లేకుండా ప్రతి పొరుగువానినీ ఆదుకోవాలి. రోగం ఫలానా వర్గం తెచ్చిందని నింద మోపే మాటలను మన నోటా రానివ్వకూడదు, ఇతరులు అన్నా ఓర్పుతో ఖండించాలి. వ్యాధి ఎవరి మతాన్నీ అడిగి రాదు. సహాయం కూడా అడిగి వెళ్లకూడదు.

అల్లాహ్ మనందరినీ అంటురోగాల నుంచి కాపాడుగాక! కష్టకాలంలో ఒకరికొకరం అండగా నిలిచే సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.