ఇనుప నాగలిని నమ్మిన వర్తకుడు – లక్ష్మణరావు కిర్లోస్కర్

తెలుగునాట బావుల చెంత నమర్చిన పంపుసెట్లపై కిర్లోస్కర్ అను పేరు చూడని రైతు అరుదు. కాని ఆ పేరు వెనుక, చిన్న పట్టణమున సైకిళ్ల అంగడితో బ్రతుకుతెరువు నారంభించి, 87 సంవత్సరములు జీవించిన ఒక వర్తకుని చరిత్ర కలదని ఎరిగినవారు కొలదిమందియే. ఆయనయే లక్ష్మణరావు కిర్లోస్కర్.

లక్ష్మణరావుగారు 1869 జూన్ 20వ తేదీన బెళగాం ప్రాంతమునందలి గుర్లహోసూరు గ్రామమున జన్మించిరి. తండ్రి కాశీనాథపంతు. పుస్తకముల చదువుకంటె బొమ్మలు గీయుటయందును, యంత్రములయందును బాలునకు మక్కువ మెండు. అన్నగారైన రామూఅన్న సాయముతో బొంబాయి చేరి, జె.జె. చిత్రకళాశాలలో ప్రవేశించిరి. అచ్చటనే వారి దృష్టికి రంగుల భేదము సరిగా తెలియదని బయటపడెను. చిత్రకారుడు కాగోరిన యువకునకు ఇంతకంటె గొడ్డలిపెట్టు వేరొకటి యుండునా? అయినను వారు వెనుదిరిగి ఇల్లు చేరలేదు. రంగులతో పనిలేని యంత్రరేఖాచిత్రణము నభ్యసించి, విక్టోరియా జూబిలీ సాంకేతిక విద్యాలయమున ఆ విద్యనే బోధించు ఉపాధ్యాయులైరి.

కిర్లోస్కర్ సోదరుల వ్యాపారము 1888లో బెళగామున మొదలైనది. తమ్ముడు బొంబాయిలో సైకిళ్లు కొని పంపుచుండగా, అన్న బెళగామున వాని నమ్ముచు, తొక్కుట రానివారికి నేర్పుచుండెను. తరువాత విద్యాలయమున తమకు రావలసిన పదోన్నతి వేరొకరికి దక్కుటచే లక్ష్మణరావుగారు కొలువు విడిచి బెళగాము చేరిరి. సైకిళ్ల మరమ్మతులకై ఏర్పడిన చిన్న కర్మాగారమున పశువుల మేత కత్తిరించు యంత్రమును, ఆ పిమ్మట ఇనుప నాగలిని తయారుచేసిరి.

కొయ్యనాగలి నేలను పైపైన గీయును. ఇనుప నాగలి లోతునకు దిగి మట్టిని తిరుగవేయును, కలుపు వేళ్లతో సహా పెకలించును. కాని ఇనుము సోకినచో భూమి విషమగునని నాటి రైతుల భయము. తాతముత్తాతల నాటినుండి కొయ్యతో దున్నిన చేనిని కొత్త పనిముట్టున కప్పగించుటకు ఎవ్వరికిని చేతులు రాలేదు. మొదటి నాగలి అమ్ముడగుటకు రెండేండ్లు పట్టెను. అంతకాలము చేసిన సరకు చేసినట్లే పడియుండగా ఏ వర్తకుడైనను ఆ పని మానుకొనును. లక్ష్మణరావుగారు మానలేదు. రైతు భయమును గెలువవలసినది వాదముతో గాదు, పంటతోనే యని వారి నమ్మకము.

నాగలికి గిరాకీ ఏర్పడుచున్న దినములలోనే మరియొక విపత్తు వచ్చిపడెను. పట్టణ విస్తరణకై పురపాలక సంఘము వారి కర్మాగారమున్న స్థలమును ఖాళీ చేయుమనెను. అట్టి సమయమున ఔంధు సంస్థానాధీశులైన బాలాసాహెబు పంత్ ప్రతినిధి తమ రాజ్యమున భూమి నొసగి, పదివేల రూపాయలు అప్పుగా ఇచ్చిరి. 1910లో కుండల్ రోడ్ రైలుస్టేషను సమీపమున 32 ఎకరముల బీడు వారి వశమైనది. బ్రహ్మజెముడు పొదలు, త్రాచుపాములు తప్ప మరేమియు లేని ఆ నేలపై కర్మాగారమును, పనివారికి ఇండ్లును వెలసినవి. అదియే కిర్లోస్కర్‌వాడీ. ఆ స్టేషనుకును తుదకు ఆ పేరే స్థిరపడినది.

ఆ ఊరిని నిలిపినది యంత్రములకంటె మనుష్యులే. లెక్కలు చూచు మంగేశరావు రేగే, చదువు నడుమనే విడిచియు యంత్రనిర్మాణమున ఆరితేరిన అనంతరావు ఫళ్ణీకర్ మొదలగువారు లక్ష్మణరావుగారికి కుడిభుజములైరి. అంతకంటె ఆశ్చర్యకరమైనది తుకారాం రామోశి, పిర్యా మాంగ్ అనువారి కథ. నేరములు చేసి శిక్షలనుభవించిన వీరిని ఊరికి కావలివారిగా నియమించిరి. దొంగ చేతికి తాళమిచ్చుట వెఱ్ఱియని లోకమనవచ్చును. కాని వారు ఆ నమ్మకమును వమ్ము చేయలేదు. కిర్లోస్కర్‌వాడీలో అస్పృశ్యతకు తావు లేదు.

మొదటి ప్రపంచయుద్ధకాలమున విదేశముల నుండి ఇనుము రాక కర్మాగారమునకు గడ్డుకాలము దాపురించెను. అప్పుడు కొల్హాపూరు ప్రభువైన శాహూ మహారాజు తమ కోటలలోని పాత ఫిరంగులను నాగళ్లకై ఇప్పించెనని ఆ ప్రాంతమున చెప్పుకొందురు. 1920లో సంస్థ లిమిటెడ్ కంపెనీగా మారెను. చెఱకు గానుగలు, వేరుశనగకాయ లొలుచు యంత్రములు, నీరు తోడు పంపులు ఒకటి వెనుక నొకటి వెలువడినవి.

అమెరికాలో యంత్రశాస్త్రమును చదివి 1926లో పట్టము నందిన కుమారుడు శంతనురావు తండ్రికి అండయై నిలిచెను. 1941లో హరిహరమున మైసూరు కిర్లోస్కర్, 1946లో పుణెలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ స్థాపితములైనవి. సైకిళ్ల అంగడి వటవృక్షమగుటను కన్నులార చూచి, 1956 సెప్టెంబరు 26వ తేదీన లక్ష్మణరావుగారు కన్నుమూసిరి. వారి శతజయంతి సందర్భమున 1969లో భారత ప్రభుత్వము తపాలాబిళ్లను విడుదల చేసెను.

రంగులు తెలియని కన్ను, కొనువారు లేని నాగలి, బీడు నేల, సంఘము వెలివేసిన మనిషి – లోకము పనికిరావని త్రోసివేసినవాని నన్నిటిని ఆయన పనిలోనికి తెచ్చిరి. లాభము వెనుకనే వచ్చినది. మన ఊళ్లలో అంగడి పెట్టుకొని బ్రతుకు కుటుంబములకు వారి జీవితమునుండి గ్రహింపవలసినది ఈ వరుసయే.