ఆచార్య రామజ్జీని

రోగిని పరీక్షించు వైద్యుడు వాని వృత్తిని గూడ నడుగవలెనని బోధించిన బెర్నార్డినో రామజ్జీని చరిత్రము మన విద్యాధికారు లెల్లరు నెఱుగదగినదని మా యభిప్రాయము.

ఈయన 1633లో ఇటలీదేశమందలి కార్పి పట్టణమున జన్మించి, 1682లో మోడెనా విద్యాపీఠమున వైద్యాచార్యు డయ్యెను. తన యింట మలకూపమును శుభ్రపఱచు కూలివాని కన్నులు చెడుట గాంచి, శ్రామికుల వ్యాధులను విచారింప మొదలిడెను. పనిశాలలకు స్వయముగా బోయి, సీసపుపూతవలన కుమ్మరుల చేతులు వణకుటయు, పాదరసమువలన అద్దములు చేయువారు పక్షవాతమున బడుటయు గనుగొనెను. వానిని శిష్యులకు పాఠములుగా జెప్పి, 1700లో గ్రంథముగా ప్రకటించెను. ఆ యేటనే పాడువా విద్యాపీఠ మాయనను పిలిచినది.

ఆ గ్రంథమున ఫినాలే పట్టణపు వ్యాజ్య మొకటి కలదు. రసకర్పూరము చేయు కర్మశాలనుండి వెడలు పొగ ఇరుగుపొరుగువారి ప్రాణములకు ముప్పు తెచ్చుచున్నదని యొక పౌరుడు ఫిర్యాదు చేసెను. వైద్యుని ధ్రువపత్రమును, మరణముల పట్టికను జూపినను, గెలుపు కర్మశాలాధిపతికే దక్కెను. న్యాయస్థానమున నోడిన యా సాక్ష్యమును రామజ్జీని వైద్యవిద్యలో నిలిపెను.

వృద్ధాప్యమున జూపు చెడినను బోధన మానక, 1714లో పాడువాయందే యాయన గతించెను. రసాయనముల గుణములను బోధించు మన పాఠశాలలు, అవి గాలిలో, నీటిలో గలసి మనుష్యదేహమున కేమి చేయునో గూడ బోధింపవలెనని మేము కోరుచున్నాము.